మూలాన్ని మరువని పండితుడు: వేటూరి ప్రభాకర శాస్త్రి

ప్రాచీన తెలుగు గ్రంథాల పరిష్కరణ అనగానే స్మరణకు వచ్చే మహనీయులలో వేటూరి ప్రభాకర శాస్త్రిగారు అగ్రగణ్యులు. ఆయన 1888 ఫిబ్రవరి 7న కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లిలో జన్మించారు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారి శిష్యులై, మద్రాసులోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో చిరకాలం పనిచేశారు.

తాటాకు కాలక్రమాన శిథిలమవుతుంది. కనుక పూర్వులు నకలుకు నకలు వ్రాయించుకొన్నారు. ఒక లేఖకుడు పొరబడితే ఆ తప్పు తరువాతి ప్రతులన్నింటికీ సంక్రమించేది. శాస్త్రిగారు చేతికందిన ప్రతినే ప్రమాణంగా గ్రహింపలేదు. దొరికినన్ని ప్రతులను పోల్చి పాఠనిర్ణయం గావించారు. బసవపురాణం, క్రీడాభిరామం ఆ విధంగానే లోకానికి అందాయి.

పిమ్మట ఆయన తిరుపతి ప్రాచ్య పరిశోధనాలయానికి వచ్చారు. తిరుమల ఆలయంలోని తాళ్ళపాక వారి రాగిరేకులపై సాధు సుబ్రహ్మణ్య శాస్త్రిగారు అంతకుముందే కృషి ప్రారంభించి ఉన్నారు. వేటూరివారు ఆ సంకీర్తనల పరిష్కరణను కొనసాగించారు. చిన్నన్న రచించిన అన్నమాచార్య చరిత్రమును విపులమైన పీఠికతో 1949లో ప్రకటించారు. ఇక్కడ మూలం చెక్కుచెదరక రాగిపై నిలిచి ఉంది. సందేహం కలిగినప్పుడు మరల రేకును చూడగల భాగ్యం లభించింది.

నేడు కంప్యూటరు శాస్త్రం అభ్యసించే మన విద్యార్థులకు ఈ జీవితం సన్నిహితమైనది. ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కులోని ఫైలును ఒకసారి చదివి, దాని నకలును మెమరీలో నిలుపుకొంటుంది. దీనినే కాష్ అంటారు. మరల అడిగినప్పుడు ఆ నకలునే క్షణంలో అందిస్తుంది. అయితే నెట్‌వర్క్ ద్వారా వేరొక కంప్యూటరు మూలాన్ని మార్చిందేమో! అప్పుడు మన నకలు పాతబడిన అసత్యమే. అందుచేత ఫైలు మారిన కాలాన్ని మూలంతో సరిచూసి, భేదముంటే నకలును త్యజించి మరల చదవాలి. వ్రాతలో చిక్కు ఇందుకు విపరీతం: క్రొత్త సంగతి మెమరీలోనే ఉంటుంది, డిస్కులో పాతదే మిగులుతుంది. ఈలోగా విద్యుత్తు పోతే ఆ సవరణ నశిస్తుంది. కనుక ముఖ్యమైన వ్రాతను వెంటనే డిస్కుకు చేర్పుమని ప్రోగ్రాము ఆజ్ఞాపించాలి.

పండితుని నోటుపుస్తకంలో నిలిచిపోయిన సవరణ గతియూ అంతే. దానిని అచ్చుకెక్కించినప్పుడే అది తరువాతి తరానికి దక్కుతుంది. శాస్త్రిగారు 1950 ఆగస్టు 29న పరమపదించారు. ఆయన అచ్చు వేయించిన గ్రంథాలు మాత్రం నేటికీ మన చేతులలో ఉన్నాయి. నకలు సౌకర్యం కొరకు, మూలం సత్యం కొరకు అనే వివేకమే ఆయన మనకు విడిచివెళ్ళిన ఆస్తి.