మిన్ చియు లీ

మిన్ చియు లీ (1919 - 1980) చైనాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన వైద్యుడు, క్యాన్సర్ పరిశోధకుడు. ఇతర అవయవాలకు పాకిపోయిన కణితిని కేవలం మందులతో పూర్తిగా నయం చేయవచ్చునని మొట్టమొదట చూపినవాడు. 1956లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో కోరియోకార్సినోమా అనే వ్యాధికి మెథోట్రెక్సేట్ మందుతో ఈయన చేసిన చికిత్స క్యాన్సర్ వైద్యంలో ఒక మలుపుగా పరిగణింపబడుతున్నది. అయితే మందు కంటే కూడా, ఆ మందును ఎప్పుడు ఆపాలనే ప్రశ్నకు ఈయన ఇచ్చిన సమాధానం ఎక్కువ ముఖ్యమైనది. కణితి ఎక్స్‌రేలో కనబడకుండా పోయినా, రోగి మూత్రంలో ఒక హార్మోను మిగిలి ఉన్నంతకాలం వ్యాధి కూడా మిగిలే ఉన్నదని లీ భావించాడు. ఆ అభిప్రాయానికి కట్టుబడినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

తొలి జీవితం

లీ చైనాలోని ముక్డెన్ (నేటి షెన్యాంగ్) వైద్య కళాశాలలో పట్టభద్రుడయ్యాడు. 1947లో సూక్ష్మజీవశాస్త్రం, రోగనిరోధక శాస్త్రం చదవడానికి అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. 1949లో చైనాలో రాజ్యవ్యవస్థ మారిపోయింది. లీ అమెరికాలోనే ఉండిపోయాడు. 1953 ప్రాంతంలో న్యూయార్క్ నగరంలోని మెమోరియల్ ఆసుపత్రిలో హార్మోనులకూ క్యాన్సరుకూ గల సంబంధంపై పనిచేశాడు. 1955లో మేరీల్యాండ్ రాష్ట్రం బెథెస్డాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో రాయ్ హెర్ట్జ్ అనే హార్మోనుల శాస్త్రవేత్త విభాగంలో చేరాడు.

కోరియోకార్సినోమా

లీ కృషి అర్థం కావాలంటే ఈ వ్యాధిని గురించి కొంత తెలియాలి. గర్భిణి శరీరంలో బిడ్డకు ఆహారం అందించే మాయలోని కణాలు కొన్ని అరుదైన సందర్భాలలో అదుపు తప్పి క్యాన్సరుగా మారతాయి. ముత్యాల గర్భం తరువాత ఇది ఎక్కువగా వస్తుంది. గర్భస్రావం తరువాత, మామూలు కాన్పు తరువాత కూడా రావచ్చు. వ్యాధి రక్తం ద్వారా అతివేగంగా ఊపిరితిత్తులకు, మెదడుకు పాకుతుంది. పాకినచోటల్లా రక్తస్రావం కలిగిస్తుంది. రోగులందరూ పిల్లలను కనే వయసులోని స్త్రీలు. 1950ల వరకు, వ్యాధి గర్భాశయం దాటి పాకిన తరువాత ఏడాదికి మించి బ్రతికినవారు చాలా తక్కువ.

ఈ భయంకరమైన వ్యాధికి ఒక ప్రత్యేక లక్షణం ఉంది. గర్భధారణలో మాయ తయారుచేసే హెచ్.సి.జి. అనే హార్మోనును ఈ క్యాన్సరు కణాలు కూడా తయారుచేస్తాయి. గర్భనిర్ధారణ పరీక్షలో వెతికేది ఈ హార్మోనునే. కణాలు ఎక్కువగా ఉంటే హార్మోను ఎక్కువ, తగ్గితే తక్కువ. అంటే శరీరంలో వ్యాధి ఎంత ఉన్నదో బయటినుండి కొలిచి చెప్పగల సాధనం ఈ వ్యాధికి ముందుగానే ఉంది. లీ కాలంలో ఈ కొలత తేలిక కాదు. రోగి మూత్రం నుండి తీసిన సారాన్ని ఎలుకలకు ఎక్కించి, వాటి గర్భాశయం ఎంత బరువు పెరిగిందో చూసి లెక్కకట్టేవారు.

మెథోట్రెక్సేట్

లీ వాడిన మందు వెనుక ఒక తెలుగువాని కృషి ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ పరిశోధనశాలలో పరిశోధనలకు సారథ్యం వహిస్తున్న కాలంలో అక్కడి బృందం ఫోలిక్ ఆమ్లాన్నీ, దాని పనిని అడ్డుకునే పదార్థాలనూ తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్ మందుతో బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సరును కొంతకాలం పాటు అణచగలిగాడు. ఈ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. సుబ్బారావు అదే సంవత్సరం ఆగస్టులో మరణించాడు. అమినోప్టెరిన్‌కు దగ్గరి బంధువైన మరొక పదార్థమే మెథోట్రెక్సేట్.

ఫార్బర్ చికిత్సతో తేరుకున్న పిల్లలకు వ్యాధి కొద్ది నెలలలోనే తిరగబెట్టింది. రక్తంలో క్యాన్సరు కణాలు కనబడకపోతే వ్యాధి అణగిందనుకునేవారు. కనబడనివి ఎన్ని మిగిలాయో తెలుసుకునే మార్గం అప్పుడు లేదు.

1956 నాటి చికిత్స

న్యూయార్క్‌లో ఉన్నప్పుడు లీ ఒక సంగతి గమనించాడు. చర్మ క్యాన్సరుతో బాధపడుతున్న ఒక రోగికి ఫోలిక్ ఆమ్ల విరోధి మందు ఇచ్చినప్పుడు మూత్రంలో హెచ్.సి.జి. వంటి హార్మోను పరిమాణం పడిపోయింది. ఫోలిక్ ఆమ్లం అందకపోతే హార్మోనుల ప్రభావంతో పెరిగే కణజాలం పెరగలేదని హెర్ట్జ్ కూడా జంతువులపై ప్రయోగాలతో అంతకుముందే చూపి ఉన్నాడు. ఈ రెండు ఆలోచనలూ బెథెస్డాలో కలిశాయి.

1956లో కోరియోకార్సినోమా ఊపిరితిత్తులకు పాకి ప్రాణాపాయ స్థితిలో ఉన్న ఒక యువతికి లీ మెథోట్రెక్సేట్ ఇచ్చాడు. ఆమె ఆ రాత్రి గడపడమే కష్టమని వైద్యులు భావించారు. ఆమె తేరుకుంది. కొన్ని విడతల మందు తరువాత ఎక్స్‌రే చిత్రంలో కణితుల జాడ కనబడలేదు. హెర్ట్జ్‌తో కలిసి లీ ఈ ఫలితాలను అదే సంవత్సరం ప్రకటించాడు.

వైద్యులు సంతోషించి చికిత్స ముగించవలసిన సమయం ఇదేనని ఎవరికైనా అనిపిస్తుంది. కాని లీ హెచ్.సి.జి. లెక్కలు చూస్తూ వచ్చాడు. ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నది. హార్మోను మాత్రం బాగా తగ్గినా సున్నాకు చేరలేదు. ఆ హార్మోనును ఎవరో ఒకరు తయారుచేస్తూ ఉండాలి. గర్భం లేనప్పుడు తయారుచేసేది క్యాన్సరు కణాలే. కాబట్టి లెక్క పూర్తిగా తగ్గేవరకు మందు ఇస్తూ పోవాలన్నది లీ నిర్ణయం.

దీనికి కారణం సంఖ్యలలో ఉంది. ఒక గ్రాము కణితిలో సుమారు 100 కోట్ల కణాలు ఉంటాయి. ఎక్స్‌రేలో కనబడాలంటే కణితి దాదాపు ఆ పరిమాణానికి చేరాలి. అందులో నూటికి 99 వంతులు నశించినా ఇంకా కోటి కణాలు మిగులుతాయి. ఎక్స్‌రేలో మాత్రం ఏమీ ఉండదు. ప్రతి విడత మందూ మిగిలిన కణాలలో ఒక నిర్ణీత భాగాన్ని మాత్రమే చంపుతుందని హోవర్డ్ స్కిప్పర్ ఎలుకలపై ప్రయోగాలతో 1964లో వివరించాడు. లీ చికిత్స చేసిన నాటికి ఈ సిద్ధాంతం లేదు.

ఉద్యోగం నుండి తొలగింపు

మెథోట్రెక్సేట్ సామాన్యమైన మందు కాదు. నోరంతా పూసి అన్నం తినలేకపోవడం, తెల్లరక్తకణాలు పడిపోవడం, దానివలన ప్రాణాంతకమైన అంటువ్యాధులు సోకడం దీని దుష్ఫలితాలు. పరీక్షలలో ఏ కణితీ కనబడని స్త్రీలకు ఇటువంటి మందును మళ్ళీ మళ్ళీ ఇవ్వడం సంస్థ పెద్దలకు తప్పుగా తోచింది. ఇది చికిత్స కాదనీ, మనుషులపై ప్రయోగమనీ వారు భావించారు. లీ తన పద్ధతి మార్చుకోలేదు. 1957లో ఆయనను ఉద్యోగం నుండి తొలగించారు. ఆనాడు అదే సంస్థలో పనిచేసిన ఎమిల్ ఫ్రైరైక్ తరువాతి కాలంలో ఈ ఉదంతాన్ని గ్రంథస్థం చేశాడు.

పెద్దల అభ్యంతరాన్ని మూర్ఖత్వమని కొట్టివేయడం న్యాయం కాదు. ఒక అంకె కోసం మనిషికి విషం వంటి మందు ఇవ్వవచ్చునా అన్న వారి సందేహం ఆ రోజులలో సమంజసమైనదే. అయితే రుజువు కొద్దికాలంలోనే రోగుల రూపంలో వచ్చింది. కణితి మాయం కాగానే మందు ఆపిన స్త్రీలలో వ్యాధి తిరగబెట్టింది. హార్మోను జాడ పూర్తిగా పోయేవరకు మందు తీసుకున్నవారిలో తిరిగి రాలేదు. హెర్ట్జ్ బృందం లీ పద్ధతినే అనుసరించి, 1961లో తమ 5 సంవత్సరాల అనుభవాన్ని ప్రకటించింది. వ్యాధి పాకిన స్త్రీలలో దాదాపు సగంమందికి పూర్తిగా నయమైనట్లు అందులో వెల్లడైంది. మెథోట్రెక్సేట్‌కు లొంగని వారికి 1962 నుండి ఆక్టినోమైసిన్-డి అనే మందు తోడైంది.

తరువాతి పరిశోధనలు

లీ న్యూయార్క్‌లోని మెమోరియల్ ఆసుపత్రికి తిరిగి వెళ్ళాడు. పురుషుల వృషణ క్యాన్సరుకు మూడు మందులను కలిపి ఇచ్చే పద్ధతిని రూపొందించి 1960లో సహచరులతో కలిసి ప్రకటించాడు. ఈ వ్యాధిలో కూడా కొందరు రోగులలో హెచ్.సి.జి. తయారవుతుంది. పలు మందులను కలిపి కణితులకు చికిత్స చేసిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి.

1963లో న్యూయార్క్ రాష్ట్రం మినియోలాలోని నస్సావు ఆసుపత్రికి మారాడు. అక్కడ పెద్దప్రేగు క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగిన తరువాత, కంటికి కనబడే వ్యాధి ఏదీ లేని స్థితిలో 5-ఫ్లోరోయురాసిల్ మందు ఇచ్చి చూశాడు. కనబడని శేషాన్ని లక్ష్యం చేసుకోవడం ఇక్కడ కూడా కనిపిస్తుంది. కాని ప్రేగు క్యాన్సరులో హెచ్.సి.జి. వలె నమ్మదగిన కొలత లేదు. కాబట్టి ఫలితం తేలడానికి ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. ఐదేళ్ళ ఫలితాలు 1976లో వెలువడ్డాయి. శస్త్రచికిత్స తరువాత ఈ తరహా మందుల వాడకం 1990 తరువాత సర్వసాధారణమైంది.

1972లో క్యాన్సర్ మందుల చికిత్సలో కృషి చేసిన పలువురు శాస్త్రవేత్తలకు ఉమ్మడిగా ఇచ్చిన లాస్కర్ పురస్కారం లీకి కూడా లభించింది. అదే జాబితాలో హెర్ట్జ్, ఫ్రైరైక్ కూడా ఉన్నారు. తొలగించిన 15 ఏళ్ళకు, తొలగింపుకు కారణమైన పనికే ఈ గౌరవం దక్కింది. లీ 1980లో మరణించాడు.

తరువాతి కాలంలో హెచ్.సి.జి. పరీక్ష

ఎలుకల పరీక్షకు ఒక పరిమితి ఉండేది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే మరొక హార్మోను కూడా అదే ప్రభావం చూపేది. లెక్క బాగా తగ్గినప్పుడు ఏది ఏదో తెలిసేది కాదు. 1972లో జుడిత్ వైటుకైటిస్, గ్లెన్ బ్రాన్‌స్టీన్, గ్రిఫ్ రాస్ హెచ్.సి.జి.ని మాత్రమే పట్టుకునే రక్తపరీక్షను రూపొందించడంతో ఈ ఇబ్బంది తొలగింది.

చికిత్సకు ముందే ఫలితాన్ని అంచనా వేసే పద్ధతిని ఇంగ్లండుకు చెందిన కెన్నెత్ బాగ్‌షా 1976లో ప్రతిపాదించాడు. రోగి వయసు, అంతకుముందటి గర్భం ఎటువంటిది, అది ముగిసి ఎన్ని నెలలైంది, హెచ్.సి.జి. ఎంత, వ్యాధి ఎక్కడెక్కడికి పాకింది మొదలైనవాటికి మార్కులు వేసి కూడడం ఈ పద్ధతి. దీనిని సవరించిన రూపం నేడు అంతర్జాతీయంగా వాడుకలో ఉంది. మొత్తం 6 లేక అంతకు తక్కువైతే ఒకే మందు, 7 లేక అంతకు మించితే పలు మందులు ఇస్తారు. చికిత్స జరుగుతున్నంతకాలం వారం వారం హెచ్.సి.జి. కొలుస్తారు. లెక్క దిగకుండా నిలిచిపోయినా, పెరిగినా మందు మారుస్తారు. మామూలు స్థాయికి చేరిన తరువాత కూడా సాధారణంగా మరి రెండు మూడు విడతలు మందు కొనసాగిస్తారు. 1957లో నేరంగా కనబడినది ఈ చివరి అంశమే. తక్కువ మార్కులు గల రోగులలో ఇప్పుడు దాదాపు అందరికీ వ్యాధి నయమవుతున్నది. వారిలో చాలామంది తరువాత పిల్లలను కూడా కంటున్నారు.

అంకె కూడా ఒక్కొక్కసారి మోసం చేస్తుంది. కొందరి రక్తంలో ఉండే ప్రతిరక్షకాలు పరీక్షను పక్కదారి పట్టించి, లేని హెచ్.సి.జి.ని ఉన్నట్లు చూపుతాయి. ఈ కారణంగా వ్యాధి లేని స్త్రీలు కొందరు మందులకూ, శస్త్రచికిత్సకూ గురైన సంఘటనలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. అటువంటి అనుమానం కలిగినప్పుడు మూత్రాన్ని కూడా పరీక్షించి చూస్తారు. ఆ ప్రతిరక్షకాలు మూత్రంలోకి రావు; నిజమైన హెచ్.సి.జి. వస్తుంది.