రావి నారాయణరెడ్డి

మన పెర్కిట్ హాస్టల్లో చదివే మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి బడికి వచ్చినవాళ్లమే. మా తాతలు దొరలకు వెట్టి చేశారు. ఆ వెట్టి మీద పోరాడిన నాయకుల్లో ముందు వరుసలో నిలిచిన రావి నారాయణరెడ్డి మాత్రం భూస్వాముల ఇంట పుట్టారు.

1908 జూన్ 4న భువనగిరి ప్రాంతంలోని బొల్లేపల్లిలో జన్మించారు. 1930లో కాకినాడ వెళ్లి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు. తర్వాత హరిజన సేవక సంఘంలో పనిచేశారు. సొంత భూమిలో వందల ఎకరాలు పేదలకు ఇచ్చేశారు. 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. సభ్యత్వ రుసుం అణాకు తగ్గడంతో కూలివాళ్లు కూడా సంఘంలో చేరారు.

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలయ్యారు. 1947 సెప్టెంబర్ 11న రావి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. మన జిల్లాలో అంతగా లేదు గానీ నల్లగొండ, వరంగల్ వైపు ఊరూరా గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి. వెట్టి రద్దయింది. బేదఖళ్లు ఆగాయి. ఊరి తగాదాలు కమిటీలే తీర్చాయి. భూపరిమితి మొదట 500 ఎకరాలు పెట్టి, 200కు తగ్గించి, చివరికి ఖుష్కి 100, తరి 10 ఎకరాలకు దించారు. పార్టీ లెక్క ప్రకారం 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు. రజాకార్లను ఎదుర్కోవడానికి గ్రామ దళాలు, గెరిల్లా దళాలు ఉండేవి.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. అసలు చిక్కు అప్పుడే మొదలైంది. ఇక తుపాకులు దించాలని, సైన్యంతో పోరాడితే జనమే నష్టపోతారని రావి అభిప్రాయం. పార్టీలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. దొరలు గడీలకు తిరిగొచ్చి చాలాచోట్ల పంచిన భూములు లాక్కున్నారు. 1951 అక్టోబర్‌లో గానీ పోరాటం ఆగలేదు. అప్పటికి దాదాపు 4,000 మంది చనిపోయారని పార్టీ చెప్పింది.

దీని మీద మా గదిలో ఒక రాత్రంతా వాదన జరిగింది. ఆయుధం వదిలితే వచ్చిన భూమి నిలుస్తుందా అని కొందరు అడిగారు. అది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. అయినా తానే పిలుపునిచ్చిన పోరాటాన్ని ఆపమని తనవాళ్లకే చెప్పడానికి ఎక్కువ ధైర్యం కావాలని మాకు అనిపించింది.

1952 ఎన్నికల్లో నల్లగొండ నుండి పి.డి.ఎఫ్. తరఫున నిలబడి, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్లారు. 1991 సెప్టెంబర్ 7న కన్నుమూశారు.