సుభాష్ ముఖోపాధ్యాయ: మరుగుపడిన పరిశోధన

1978 అక్టోబరు 3వ తేదీన, శరన్నవరాత్రుల దినములలో, కలకత్తా నగరమున ఒక ఆడశిశువు జన్మించెను. ఆమెకు దుర్గ యను పేరు ప్రసిద్ధమయ్యెను. గాజుపాత్రలో అంకురించిన పిండమునుండి పుట్టిన శిశువులలో ఈమె ప్రపంచమున రెండవది. మొదటి శిశువైన లూయీజ్ బ్రౌన్ సరిగా పది వారములకు ముందు ఇంగ్లండులో పుట్టినది. ఆ వైద్యుల కీర్తి లోకమంతట మారుమ్రోగెను. దుర్గ జన్మకు కారకుడైన డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ పేరు మాత్రము చాలకాలము శాస్త్రజ్ఞుల లెక్కలోనికే రాలేదు.

ఆయన 1931 జనవరి 16న హజారీబాగున జన్మించెను. కలకత్తాలో వైద్యవిద్య ముగించి, శరీరధర్మశాస్త్రమున పరిశోధన చేసి 1958లో డాక్టరేటు పొందెను. అంతటితో తృప్తిచెందక ఎడింబరో చేరి, జాన్ లోరైన్ వద్ద సంతానోత్పత్తికి సంబంధించిన హార్మోనులను పరిశోధించి, 1967లో మరియొక డాక్టరేటుతో మరలివచ్చి, వైద్య కళాశాలలో అధ్యాపకుడయ్యెను.

ఆయన త్రొక్కిన దారి ఇంగ్లీషు వైద్యుల దారి కాదు. లూయీజ్ విషయమున ఎడ్వర్డ్స్, స్టెప్టోలు ప్రకృతిసిద్ధముగా పక్వమైన ఒక్క అండమును ఉదరమునుండి గ్రహించి, ఫలదీకరించిన పిండమును కొద్దిదినములలోనే గర్భాశయమున ప్రవేశపెట్టిరి. ముఖోపాధ్యాయ హార్మోను మందులతో ఒకేసారి పెక్కు అండములు పక్వమగునట్లు చేసి, వానిని యోనిమార్గమున గ్రహించెను. అయితే ఆ మందుల ప్రభావమునకు లోనైన గర్భాశయము పిండమును నిలుపుకొనుట కష్టము. కనుక ఎనిమిది కణముల పిండమును డైమీథైల్ సల్ఫాక్సైడు రక్షణతో ఘనీభవింపజేసి, 53 దినములు అతిశైత్యమున భద్రపరచి, గర్భాశయము సహజస్థితికి వచ్చిన పిమ్మట ప్రవేశపెట్టెను. ఈ కార్యమున శైత్యశాస్త్రజ్ఞుడు సునీత్ ముఖర్జీ, స్త్రీవైద్యుడు సరోజ్‌కాంతి భట్టాచార్య ఆయనకు తోడునిలిచిరి. నేడు సంతానసాఫల్య చికిత్సాలయములలో నిత్యకృత్యమైన పద్ధతులలో ఈ మూడును చేరియున్నవి.

మరి ఇంతటి పని ఏల మరుగుపడెను? ఎడ్వర్డ్స్ తమ విజయమును లాన్సెట్ పత్రికలో చిన్న లేఖగనే ప్రకటించెను. కాని అది వైద్యలోకమంతయు చదువు పత్రిక. ఆ లేఖకు వెనుక ఏండ్ల తరబడి వెలువడిన వ్యాసముల బలముండెను. ముఖోపాధ్యాయ బృందపు సంక్షిప్త వ్యాసము 1978లో ఇండియన్ జర్నల్ ఆఫ్ క్రయోజెనిక్స్ అను పత్రికలో వెలువడెను. అది అతిశైత్యమును గూర్చి ఇంజనీర్లు, భౌతికశాస్త్రజ్ఞులు చదువుకొను పత్రిక. స్త్రీవైద్యుల చేతికి అది ఎట్లు చేరును? నిష్ఠురముగా తోచినను ఒక మాట చెప్పక తప్పదు: ఆయన విజయము వార్తాపత్రికల కందినంత త్వరగా శాస్త్రపత్రికల కందలేదు. 1983లో ఆస్ట్రేలియాకు చెందిన ట్రౌన్సన్, మోర్ అనువారు ఘనీభవించిన పిండముతో గర్భము నిలిచినట్లు నేచర్ పత్రికలో ప్రకటింపగా, తరువాతి పరిశోధకులు తమ వ్యాసములలో దానినే ఆద్యముగా పేర్కొనజొచ్చిరి.

అప్పటికి ముఖోపాధ్యాయ జీవించిలేడు. 1978 నవంబరులో రాష్ట్రప్రభుత్వము నియమించిన విచారణసంఘము ఆయన మాట నమ్మలేదు. ఆ సంఘమునకు అధ్యక్షుడు రేడియో భౌతికశాస్త్రజ్ఞుడు! జపానునుండి ఆహ్వానము వచ్చినను పోవుటకు అనుమతి లభింపలేదు. 1981లో హార్మోనుల పరిశోధకుని నేత్రవైద్య సంస్థకు బదిలీ చేసిరి. ఆ జూన్ 19న, 50 ఏండ్ల వయసున, ఆయన తన ప్రాణములను తానే తీసికొనెను.

1986లో బొంబాయిలో డాక్టరు ఆనందకుమార్, డాక్టరు ఇందిరా హిందుజా కృషిచే హర్ష యను శిశువు జన్మించెను. భారతదేశపు తొలి పరీక్షనాళికా శిశువు హర్షయే యని శాస్త్రలోకము నమ్మెను. ఆ కీర్తిని నిలుపుకొనుటకు ఆనందకుమార్ చేయవలసినది మౌనము వహించుట మాత్రమే. కాని ముఖోపాధ్యాయ భార్య నమిత భద్రపరచిన కాగితములు చేతికి రాగా, ఆయన వానిని పరిశీలించి, 1997లో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక వ్యాసము వ్రాసెను. అందు తొలిస్థానము ముఖోపాధ్యాయదేయని ప్రకటించి, తమ విజయమును రెండవదిగా లెక్కించుకొనెను. 2002లో భారత వైద్య పరిశోధన మండలి ఆ కృషిని గుర్తించెను. ఏండ్ల తరబడి అజ్ఞాతముగానున్న దుర్గ, తన 25వ జన్మదినమున సభలో నిలిచి తానెవరో తెలిపెను.