మాటలు నేర్పిన అర్దెషిర్ ఇరానీ

తెరమీద బొమ్మలు మాట్లాడితే ఈనాడు మీకు వింతేమీ కాదు. 1931లో అదొక పెద్ద సాహసం.

అర్దెషిర్ ఇరానీ 1886లో పూణెలో పుట్టారు. మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా' తీయాలనుకున్నప్పుడు ఆయనకు శబ్దగ్రహణం తెలియదు. పని చూపడానికి వచ్చిన అమెరికా నిపుణుడు రోజుకు 100 రూపాయలు అడిగాడు. ఆ రోజుల్లో 100 రూపాయలంటే ఊహించండి! అందుకే ఇరానీ, రుస్తుం భరూచా ఆ పని తామే నేర్చుకున్నారు.

బొంబాయిలోని స్టూడియో పక్కనే రైలుపట్టాలు. గోడలు చప్పుడును ఆపవు. మరేం చేశారు? రైళ్ళు ఆగిన అర్ధరాత్రి దాటాక చిత్రీకరణ పెట్టుకున్నారు. మైకులను నటుల దగ్గరే కనబడకుండా దాచారు. వాద్యకారులు కూడా చాటునే ఉండి వాయించాలి. మాట, బొమ్మ ఒకే ఫిల్ముపై పడేవి. ఎవరు తడబడినా మళ్ళీ తీయవలసిందే.

చిత్రం మార్చి 14న విడుదలైంది. మరుసటి ఏడాది మన 'భక్త ప్రహ్లాద'నూ ఇరానీయే నిర్మించారు. ఆయన 1969లో మరణించారు. 'ఆలం ఆరా' ప్రతి ఒక్కటీ మిగలలేదు.