పరుగుల వీరుడు జెస్సీ ఓవెన్స్ - ఒక సీనియర్ కథ

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు, ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు రాసి వెళ్లిపోతున్న మేము ఏం రాయాలా అని చాలా ఆలోచించాం. పదో తరగతికి వచ్చాక ఇక ఆటలు మానేసి పుస్తకం పట్టుకోమని ఇంటి దగ్గర పెద్దలు అంటారు. మాలో కొందరం మానేశాం. కొందరం మండల స్థాయి పోటీల దాకా ఆడాం. ఆడినవాళ్లకూ మానినవాళ్లకూ ఒకటే సందేహం మిగిలింది. స్కూలు జట్టులో పెద్దవాడు తన చివరి ఏడాదిలో జట్టుకు ఏమివ్వగలడు? వెళ్లిపోయాక అతను ఇచ్చింది ఏమవుతుంది? దీనికి జవాబు మాకు అమెరికాకు చెందిన మహా క్రీడాకారుడు జెస్సీ ఓవెన్స్ జీవితంలో దొరికింది. ఒలింపిక్స్‌లో నాలుగు బంగారు పతకాలు గెలిచినవాడిగా ఆయన పేరు మీలో చాలామంది జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో చదివే ఉంటారు. పతకాలకు ముందూ, పతకాల తర్వాతా ఉన్న కథను మీకు చెప్పాలని మా కోరిక.

పత్తి చేలో బాల్యం

జెస్సీ 1913 సెప్టెంబర్ 12న అమెరికా దక్షిణ ప్రాంతంలోని అలబామా రాష్ట్రంలో, ఓక్‌విల్ అనే పల్లెలో పుట్టాడు. పదిమంది పిల్లల్లో చివరివాడు. అతని తాతలు బానిసలుగా బతికినవాళ్లు. తండ్రి ఇతరుల భూమిని పాలుకు సాగు చేసేవాడు. పంటలో పెద్ద భాగం భూమి గల ఆసామికే పోయేది. పిల్లలు కూడా పత్తి ఏరడానికి పోవలసిందే. జెస్సీ చిన్నప్పుడు చాలా నలతగా ఉండేవాడు. చలికాలం వస్తే ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టేవాడు. అలాంటి పిల్లవాడు ముందు ముందు లోకంలోకెల్లా వేగంగా పరుగెడతాడని ఆ ఊళ్లో ఎవరూ అనుకొని ఉండరు.

అతనికి తొమ్మిదేళ్లప్పుడు ఆ కుటుంబం పల్లె వదిలి, ఉత్తరాన ఓహియో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరానికి వలస వచ్చింది. మన ఊళ్ల నుంచి బతుకుతెరువు కోసం పట్నాలకు పోయినట్టే అన్నమాట. అతని అసలు పేరు జేమ్స్ క్లీవ్‌లాండ్. ఇంట్లో జె.సి. అని పిలిచేవారు. కొత్త బడిలో టీచరు పేరు అడిగితే తన దక్షిణాది యాసలో జె.సి. అని చెప్పాడు. ఆమెకు అది జెస్సీ అని వినిపించింది. అదే రాసుకుంది. కుర్రవాడు భయపడి సరిచేయలేదు. ఆ పేరే చివరిదాకా నిలిచింది.

తెల్లవారుజామున శిక్షణ

జూనియర్ హైస్కూల్లో చార్లెస్ రైలీ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు ఈ బక్కపలచని కుర్రవాణ్ణి గమనించాడు. పరుగు నేర్పుతాను, బడి అయ్యాక రమ్మన్నాడు. కానీ జెస్సీకి సాయంత్రాలు ఖాళీ లేవు. బడి వదలగానే చెప్పులు బాగుచేసే దుకాణంలో పని, కిరాణా సరుకులు ఇళ్లకు చేరవేసే పని. ఆ డబ్బు ఇంటికి కావాలి. అప్పుడు రైలీ సారు, నీకు వీలు లేకపోతే పోనీలే అని వదిలేయలేదు. బడి మొదలు కాకముందే, పొద్దున్నే వచ్చి నేర్పడం మొదలుపెట్టాడు. కాలు నేల మీద ఆనీ ఆనకుండా, నిప్పుల మీద అడుగు వేసినట్టు తేలికగా తీయమని నేర్పాడు. తన ఇంటికి పిలిచి అన్నం పెట్టిన రోజులు కూడా ఉన్నాయి. రైలీ తెల్లవాడు, జెస్సీ నల్లవాడు. ఆ రోజుల్లో ఆ దేశంలో ఇది చిన్న సంగతి కాదు. ఓవెన్స్ జీవితాంతం ఆయన్ని తండ్రిలాగే తలచుకున్నాడు.

పొద్దున్న ఐదు గంటల బెల్లుకు లేచి, పి.ఇ.టి. సారు విజిల్ కోసం గ్రౌండులో వణుకుతూ నిలబడిన మనకు ఈ సంగతి వేరే వివరించక్కర్లేదు.

54 పాయింట్లలో 30

తర్వాత జెస్సీ ఈస్ట్ టెక్నికల్ హైస్కూల్లో చేరాడు. ఇది క్లీవ్‌లాండ్‌లో చేతిపనులు, సాంకేతిక విద్య నేర్పే ప్రభుత్వ పాఠశాల. అక్కడి హైస్కూలు మన ఇంటర్ దాకా నడుస్తుంది. ఆఖరి సంవత్సరం విద్యార్థిని సీనియర్ అంటారు. రైలీ సారు ఈ స్కూలుకు కూడా వచ్చి తన శిష్యుడికి శిక్షణ ఇస్తూనే ఉన్నాడు.

1932లో, స్కూలు పిల్లవాడిగానే, జెస్సీ ఒలింపిక్ జట్టు అర్హత పోటీలకు వెళ్లాడు. రాల్ఫ్ మెట్‌కాఫ్ వంటి కాలేజీ వీరుల ముందు ఓడిపోయి ఇంటికి వచ్చాడు. ఓడిపోయాడని పరుగు మానలేదు. మళ్లీ స్కూలు జట్టులోకే వచ్చి సాధన చేశాడు.

1933 జూన్‌లో షికాగోలో దేశంలోని హైస్కూళ్లన్నిటికీ కలిపి పోటీలు జరిగాయి. అప్పటికి జెస్సీ సీనియర్. స్కూలు తరఫున అవే అతని చివరి పోటీలు. 100 గజాల పరుగును 9.4 సెకన్లలో ముగించాడు. అది అప్పటి ప్రపంచ రికార్డుతో సమానం. 220 గజాలు 20.7 సెకన్లలో పరుగెత్తాడు. లాంగ్ జంప్‌లో దాదాపు 24 అడుగుల 10 అంగుళాలు దూకాడు. మూడింటిలోనూ మొదటి స్థానమే. ఈస్ట్ టెక్నికల్ స్కూలుకు మొత్తం 54 పాయింట్లు వచ్చి జట్టు ఛాంపియన్‌షిప్ దక్కింది. అందులో 30 పాయింట్లు జెస్సీ ఒక్కడివే. తిరిగి వచ్చిన విజేతలను క్లీవ్‌లాండ్ నగరం ఊరేగించింది.

ఈ లెక్కను మేము రెండు రకాలుగా చూశాం. ఒక సీనియర్ జట్టులో సగానికి పైగా భారం మోయగలడని 30 చెబుతుంది. మిగిలిన 24 తెచ్చినవాళ్ల పేర్లు ఈనాడు మనబోటివాళ్లకు తెలియవు. అయినా అవి లేకపోతే ఆ 54 లేదు. రిలేలో మూడో అంచె పరుగెత్తినవాణ్ణి, కబడ్డీలో ఒక్క పాయింటు తెచ్చినవాణ్ణి మనం మరిచిపోతూ ఉంటాం. అలా మరవకూడదు.

హాస్టల్లో చోటు దొరకని విద్యార్థి

ఆ తర్వాత జెస్సీ ఓహియో స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. అంతటి క్రీడాకారుడైనా అతనికి స్కాలర్‌షిప్ లేదు. చదువుకుంటూనే లిఫ్టు నడిపాడు, పెట్రోలు బంకులో పనిచేశాడు. నల్లవాడు కాబట్టి యూనివర్సిటీ హాస్టల్లో గది ఇవ్వలేదు. బయట తనవంటి నల్లజాతి విద్యార్థులతో కలిసి అద్దె ఇంట్లో ఉన్నాడు. పోటీలకు జట్టుతో వెళ్లినప్పుడు తోటి ఆటగాళ్లు హోటల్లో కూర్చుని తింటుంటే, నల్లవాళ్లు వేరే చోట తినాలి, వేరే చోట పడుకోవాలి.

తమ్ముళ్లారా, ఈ భాగం చదివినప్పుడు మేము కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. మన తాతల కాలంలో బడి గడప బయట కూర్చున్నవాళ్లు, ఊరి బావి దగ్గర దూరంగా నిలబడినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఈ రోజు మనకు ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె పెట్టుకునే జాగా, మూడు పూటలా భోజనం ఉన్నాయి. ఇవి ఊరికే రాలేదని పెద్దలు చెబుతుంటే విన్నాం. ఓవెన్స్ కథ వల్ల ఆ మాట ఇంకా బాగా అర్థమైంది.

1935 మే 25న మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో జరిగిన పోటీల్లో, వెన్నునొప్పితో బాధపడుతూనే అతను దాదాపు 45 నిమిషాల వ్యవధిలో మూడు ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టి, ఒకదాన్ని సమం చేశాడు. ఆ రోజు దూకిన 8.13 మీటర్ల లాంగ్ జంప్ రికార్డు 25 ఏళ్లు నిలిచింది.

బెర్లిన్ 1936

1936 ఒలింపిక్స్ హిట్లర్ పాలనలోని బెర్లిన్‌లో జరిగాయి. తమ జాతే గొప్పదని నాజీలు చాటుకుంటున్న కాలం. ఆ గడ్డ మీద, బానిసల మనవడు ఆగస్టు 3న 100 మీటర్లు 10.3 సెకన్లలో గెలిచాడు. 4న లాంగ్ జంప్ 8.06 మీటర్లతో, 5న 200 మీటర్లు 20.7 సెకన్లతో గెలిచాడు. 9న 4x100 మీటర్ల రిలేలో నాలుగో బంగారు పతకం వచ్చింది. ఆ రిలే నుంచి ఇద్దరు యూదు ఆటగాళ్లను చివరి నిమిషంలో తప్పించి, ఓవెన్స్‌నూ మెట్‌కాఫ్‌నూ దించారు. తనకు ఇప్పటికే మూడు పతకాలు ఉన్నాయని, వాళ్లనే పరుగెత్తనివ్వమని ఓవెన్స్ కోచ్‌లను అడిగాడు. వాళ్లు వినలేదు. లాంగ్ జంప్‌లో రెండో స్థానంలో వచ్చిన జర్మన్ లుజ్ లాంగ్, నాజీల కళ్లెదుటే వచ్చి ఓవెన్స్‌ను మొదట అభినందించాడు. వాళ్ల స్నేహం లోకమంతా చెప్పుకునేదయింది. యుద్ధంలో లాంగ్ 1943లో చనిపోయాడు.

అదే ఒలింపిక్స్‌లో హైజంప్‌లో వెండి పతకం గెలిచిన డేవ్ ఆల్‌బ్రిటన్ కూడా ఈస్ట్ టెక్నికల్ స్కూలు విద్యార్థే. అతనూ అలబామాలోనే పుట్టాడు. ఒక్క ప్రభుత్వ హైస్కూలు నుంచి ఇద్దరు ఒలింపిక్ పతక విజేతలు!

పతకాలు అన్నం పెట్టలేదు

దేశానికి తిరిగి వచ్చాక న్యూయార్క్‌లో సన్మానం జరిగింది. ఆ హోటల్లో తన సన్మానసభకే ఓవెన్స్ సరుకుల లిఫ్టులో పైకి వెళ్లాల్సి వచ్చింది. దేశాధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వైట్ హౌస్‌కు పిలవలేదు. ఆ ఒలింపిక్స్‌లో పాల్గొన్న 18 మంది నల్లజాతి క్రీడాకారుల కుటుంబాలను వైట్ హౌస్‌కు పిలిచి గౌరవించింది 2016లో, ఒబామా కాలంలో. అథ్లెటిక్స్ సంఘం చెప్పిన స్వీడన్ పర్యటనకు వెళ్లలేదని ఆయన్ని పోటీల నుంచి సస్పెండ్ చేశారు. 23 ఏళ్లకే ఆట ముగిసింది. బతుకుతెరువు కోసం గుర్రాలతో పందెం పరుగెత్తారు. బట్టలుతికే వ్యాపారం పెట్టి దివాలా తీశారు. పిల్లల ఆటస్థలంలో జీతానికి పనిచేశారు. పనుల వల్లా పోటీల వల్లా చదువు వెనకబడి డిగ్రీ పూర్తి కాలేదు. 1940లో మళ్లీ కాలేజీకి వెళ్లినా ముగించలేకపోయారు. ఆ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది 1972లో.

ఆటలు మానేయమనే పెద్దలకు మేము ఓవెన్స్ పేరు చెబుతాం. చదువు మానేద్దామనుకునే తమ్ముళ్లకు కూడా ఆ పేరే చెబుతాం.

జూనియర్లకు ఇచ్చింది

ఇప్పుడు అసలు సంగతి. బెర్లిన్ నుంచి వచ్చినప్పుడు క్లీవ్‌లాండ్‌లో జరిగిన ఊరేగింపును హారిసన్ డిల్లార్డ్ అనే 13 ఏళ్ల కుర్రవాడు చూశాడు. ఇంటికి పరుగెత్తి, తానూ ఓవెన్స్‌లాగే అవుతానని తల్లికి చెప్పాడు. అతనూ ఈస్ట్ టెక్నికల్ హైస్కూల్లోనే చేరాడు. ఓవెన్స్ అతన్ని ప్రోత్సహించి, పరుగు బూట్లు ఇచ్చారు. డిల్లార్డ్ హర్డిల్స్ ఆటగాడు. 1948 అర్హత పోటీల్లో హర్డిల్స్‌కు తగిలి ఆగిపోయాడు. అయినా 100 మీటర్లలో జట్టులో చోటు సంపాదించి, లండన్ ఒలింపిక్స్‌లో ఓవెన్స్ వేసిన 10.3 సెకన్ల టైముతోనే బంగారు పతకం గెలిచాడు. 1952లో హెల్సింకీలో తనకిష్టమైన 110 మీటర్ల హర్డిల్స్ కూడా గెలిచాడు. రెండు రిలేలతో కలిపి అతనికీ నాలుగు బంగారు పతకాలు. ఒకే హైస్కూలు, ఇద్దరు విద్యార్థులు, ఎనిమిది బంగారు పతకాలు. ఓవెన్స్ ఆ స్కూలు వదిలి అప్పటికి చాలా ఏళ్లయింది. 1933లో తెచ్చిన 30 పాయింట్లు ఆ ఏడాదితో అయిపోయాయి, ఇచ్చిన బూట్లు మాత్రం ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి.

ఓవెన్స్ తర్వాతి కాలంలో షికాగోలో స్థిరపడి పిల్లల ఆటల కోసం ఎంతో పనిచేశారు. 1955లో అమెరికా ప్రభుత్వ సుహృద్భావ ప్రతినిధిగా మన భారతదేశానికి కూడా వచ్చారు. 1976లో ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం అందుకున్నారు. సిగరెట్ అలవాటు వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చి, 1980 మార్చి 31న కన్నుమూశారు. బెర్లిన్‌లో విజేతలకు పతకంతో పాటు ఇచ్చిన ఓక్ మొక్కల్లో ఒకదాన్ని ఆయన సాధన చేసిన క్లీవ్‌లాండ్‌లోని రోడ్స్ హైస్కూలు ఆవరణలో నాటారు. అది పెద్ద చెట్టయి 80 ఏళ్లు దాటి నిలిచింది. ముసలిదయ్యాక దాని కొమ్మల నుంచి అంట్లు కట్టి కొత్త మొక్కలు పెంచారు.

తమ్ముళ్లారా, మేము ప్రపంచ రికార్డులు ఏవీ సాధించలేదు. జిల్లా స్థాయిలో ఒక రెండో బహుమతి, మండల స్థాయిలో నాలుగు కప్పులు, అంతే. కానీ స్టార్టింగులో ఎలా వంగాలో, బాటన్ ఎలా అందుకోవాలో మాకు తెలిసినంత ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకు ఈ వేసవి సెలవులకు ముందే నేర్పి వెళ్తాం. మాకు ముందు బ్యాచి అన్నలు ఇచ్చిన స్పైక్ బూట్లు రెండు జతలు ఉన్నాయి. కొత్త లేసులు వేసి, స్టోర్ రూములో ఆటసామాను పెట్టె మీద పెట్టాం. ఒకటి ఏడో నంబరు, ఒకటి ఎనిమిదో నంబరు. ఎవరికి సరిపోతే వాళ్లు వేసుకోండి. చిన్నవైతే తర్వాతివాళ్లకు ఇవ్వండి.