మా గీజర్‌లో జూల్ గారు

డిసెంబర్‌లో ఒక పొద్దున అశోక్‌నగర్‌లోని మా రూములో గీజర్ ప్లగ్గు కాలింది. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి నల్లబడిపోయింది. ట్యాంకు అప్పటికే అడుగున కారుతోంది. నారాయణగూడలో కొత్త 15 లీటర్లది కొని ఆటోలో తెచ్చాం. బిగించేది మేమే అనుకున్నాక అడుగడుగునా గుర్తొచ్చిన మనిషి జేమ్స్ ప్రెస్కాట్ జూల్.

1818 డిసెంబర్ 24న మాంచెస్టర్ పక్కన సాల్ఫర్డ్‌లో పుట్టాడు. వాళ్లది బీరు తయారుచేసే కుటుంబం. కాలేజీ మొహం చూడలేదు. అణు సిద్ధాంతం డాల్టన్ ఉన్నాడే, ఆయన దగ్గర కొన్నాళ్లు ట్యూషన్, అంతే. కుర్రతనంలో అన్నతో కలిసి ఇంట్లో పనివాళ్లకి కరెంటు షాకులిచ్చి సరదాపడేవాడట. (మేం మాత్రం ఎంసీబీ దింపి, టెస్టర్‌తో చూశాకే వైరు ముట్టుకున్నాం.)

బట్టీలో ఆవిరి యంత్రం తీసేసి మోటారు పెడితే లాభమా అని లెక్కేశాడు. బ్యాటరీలో ఖర్చయ్యే జింకు బొగ్గుకన్నా ఖరీదని తేలింది. కానీ ఆ లెక్కల దారిలోనే 1840లో, తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్నీ రెసిస్టెన్స్‌నీ బట్టి ఉంటుందని కనిపెట్టాడు. రాయల్ సొసైటీ ఆ పేపర్ పూర్తిగా వేయలేదు, సారాంశం మాత్రం అచ్చేసింది.

మా ప్లగ్గుని కాల్చింది ఆ సూత్రమే. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది. లూజుగా ఉన్న స్క్రూ దగ్గర అర ఓం రెసిస్టెన్స్ చేరినా అక్కడ దాదాపు 38 వాట్ల వేడి. మన ల్యాబ్‌లో సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే! అందుకే కొత్త 16 ఆంపియర్ల సాకెట్ వేసి, స్క్రూలన్నీ రెండోసారి బిగించి, ఎర్త్ వైరు చూసుకున్నాం. ఎర్త్ లేకపోతే ఎలిమెంట్ పాడైన రోజు స్నానం చేసేవాడి ప్రాణం మీదికొస్తుంది.

తర్వాత జూల్ పడిపోయే బరువులతో నీళ్లలో తెడ్లు తిప్పి, ఆ పనికి నీళ్లెంత వేడెక్కాయో కొలిచాడు. డిగ్రీలో వందో వంతు తేడా చూడాలి. బట్టీలో థర్మామీటర్లతో పెరిగినవాడు కాబట్టి చూడగలిగాడు, చాలామంది నమ్మలేకపోయారు. 1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో క్లుప్తంగా ముగించమన్నారు. విలియం థామ్సన్ అనే 23 ఏళ్ల కుర్రాడు పట్టించుకోకపోతే అదీ మరుగున పడేదేమో. ఆయనే తర్వాతి కెల్విన్. అదే ఏడు పెళ్లయ్యాక ఆల్ప్స్ ప్రయాణంలో కూడా, జలపాతం కింద నీళ్లు పైనున్నవాటికన్నా వెచ్చగా ఉంటాయా అని కొలవబోయాడు. తుంపర్ల వల్ల కుదరలేదు. ఆవిడ ఏమనుకుందో!

1889లో పోయాడు. సమాధి మీద 772.55 అని చెక్కారు. ఒక పౌను నీళ్లని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడిచేయడానికి కావలసిన పని అది, ఫుట్-పౌండ్లలో.

టెఫ్లాన్ టేపు చుట్టి పైపులు బిగించాం. వేడినీళ్ల కుళాయిలోంచి ధార వచ్చేదాకా స్విచ్ వేయలేదు, ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ కాలిపోతుంది. 15 లీటర్లు, 25 నుంచి 60 డిగ్రీలకి: జూల్ లెక్కన 18 నిమిషాలు. ఫోన్లో టైమర్ పెట్టాం. 20కి లైటు ఆరింది.