రహీం మాస్టారు

హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో సయ్యద్ అబ్దుల్ రహీం పేరు చిరస్మరణీయము. 1909లో జన్మించిన ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. పాఠశాలలోని క్రమశిక్షణనే క్రీడారంగానికి తెచ్చినారు.

ఆ రోజులలో బంతిని వదలక, ఎదుటివారిని ఒక్కొక్కరినే తప్పించుకొని పోవుటే ఆటగాని ఘనతగా ఎంచేవారు. రహీం ఆ అభిప్రాయమును మార్చినారు. వచ్చిన బంతిని అదుపు చేసి, జాగు లేక తోటివానికి అందించుటే అసలు విద్య అని నేర్పినారు. అందుకై బంతిని ఒంటరిగా నడిపించుట నిషేధించిన పోటీలు పెట్టినారు. అలవాటు లేని కాలితోనే ఆడవలసిన పోటీలు కూడ పెట్టినారు.

శ్రమ ఫలించినది. హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. 1951 ఆసియా క్రీడలలో భారత జట్టుకు స్వర్ణ పతకము లభించినది. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 గోల్సుతో ఓడిన ఆ జట్టే, 1956లో మెల్బోర్న్‌లో నాలుగవ స్థానమందుకొన్నది.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం క్యాన్సరు వ్యాధిగ్రస్తులు. దేహము సడలినా శిక్షణ మానలేదు. తుది పోటీలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి శిష్యులు గురుదక్షిణ చెల్లించినారు. 1963 జూన్ 11న ఆయన కన్నుమూసినారు. ఆ క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణము మరల మనకు దక్కలేదు.

అందుకొన్నదానిని తనయొద్దనే నిలుపుకొనక ముందువారికి అందించుట బంతియాటకే గాక బోధనకు కూడ ధర్మమే.